కుడి తెడ్డు కత్తెరది

మార్చి 4

ఇవాళ ఆ పెట్టె తెచ్చి బిగించి వెళ్లారు. టీవీ నెత్తిన కెమెరా, టీవీ కింద నల్ల పెట్టె, గోడంతా వైర్లు. బిగించిన టెక్నీషియన్‌ని టీ తాగి వెళ్లమని రెండుసార్లు అడిగాను. ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయంటూ వెళ్లిపోయాడు. అతను మెట్లు దిగాక గుర్తొచ్చింది, ఇంట్లో పగలని కప్పు ఒక్కటే ఉంది. సరే అనుంటే నేను స్టీలు గ్లాసులో తాగాల్సొచ్చేది.

ఇక రోజూ ఆస్పత్రికి రానక్కర్లేదని ఫిజియో అమ్మాయి చెప్పింది. ఇంట్లోనే గేమ్ ఆడుతుంటే ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేస్తుందట. నలభై ఆరేళ్ల దాన్ని. సిటీ బస్సు డ్రైవర్ని. ఇరుకు సందుల్లో అంత పొడుగు బండి తిప్పినదాన్ని. నన్ను పట్టుకుని వీడియో గేమ్ ఆడమంటోంది. నవ్వాలో ఏడవాలో తెలియక తలూపాను.

మార్చి 5

గేమ్ అంటే పడవ. నది మీద పడవ, అందులో ఇద్దరు. ఎడమ తెడ్డు నాది. కుడి తెడ్డు ఇంకెవరిదో. ఏ ఊరో తెలియదు. నాలాగే ఎక్కడో చెయ్యి పాడై, ఎక్కడో ఒక టీవీ ముందు కూర్చున్న మనిషి. చెయ్యి ఎంత ఎత్తు లేపి లాగితే తెడ్డుకి అంత బలం. ఇద్దరూ ఒకేసారి, ఒకే బలంతో లాగితే పడవ ముందుకి పోతుంది. లేకపోతే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది.

పేరు పెట్టుకోమంది. బ్రేకు అని కొట్టాను. అవతలి మనిషి పేరు కత్తెర. దర్జీ అయ్యుంటాడు. లేదా దర్జీ అమ్మ. పడవలో బొమ్మలకి టోపీలే ఉన్నాయి, టోపీల కింద ముఖాలు లేవు. మొదటి రెండు వారాలు మాటలు కూడా లేవట. చెయ్యి ఊపొచ్చు, బొటనవేలు చూపించొచ్చు, అంతే.

గుండ్రంగా తిరిగాం.

మార్చి 7

ఇవాళా గుండ్రంగానే. చూస్తుంటే కళ్లు తిరిగాయి.

మార్చి 9

ఈ కత్తెర ఒట్టి నత్త. తెడ్డు నీళ్లలో వెయ్యడానికే ముహూర్తం చూసుకుంటున్నట్టుంటాడు. నాదేమో, విరిగితే విరిగింది, గేరు మార్చిన చెయ్యి. ఒక్క ఊపులో లాగుతాను. పడవ కుడికి తిరిగిపోయి ఒడ్డున తుంగలో ముక్కు పెడుతుంది. "మీ తోడుతో కలవండి" అని తెర మీద అక్షరాలు వస్తాయి. ఆ అక్షరాలు చూస్తే ఒళ్లు మండుతుంది. కలవడం నా ఒక్కదాని పనా?

కసి కొద్దీ ఇంకా గట్టిగా లాగాను. భుజంలో ప్లేటు వేసిన చోట నిప్పు పెట్టినట్టయింది. చెయ్యి పట్టుకుని నేల మీద కూలబడ్డాను. కాసేపటికి తలెత్తి చూస్తే అవతలి టోపీ బొమ్మ కూడా తెడ్డు ఆపేసి ఉంది. నా బొమ్మ వైపు తిరిగి చెయ్యి ఊపుతోంది. ఊపి ఆగుతుంది. మళ్లీ ఊపుతుంది. నేను లేచి కూర్చునేదాకా అలా ఊపుతూనే ఉంది.

బస్సులో నేనే అందరి కోసం ఆగుతాను. నా కోసం ఎవరైనా ఆగితే ఎలా ఉంటుందో ఇవాళే చూశాను.

మార్చి 10

నెమ్మదిగా లాగాను. చెయ్యి ఛాతీ దాకానే లేపి, ఆయన తెడ్డు పడ్డాక నాది వేశాను. పడవ తిన్నగా పోయింది. కొంచెం దూరమే. ఒక వంతెన కింద నుంచి వెళ్లాం. కత్తెర బొటనవేలు చూపించాడు. నేనూ చూపించాను. టీవీ ఆపేశాక కూడా నా బొటనవేలు అలాగే ఉందని తర్వాత గమనించాను.

మార్చి 14

తమ్ముడు ఫోన్ చేశాడు. నెలకోసారి చేస్తాడు, డ్యూటీలా. డిపోలో ఆయిలు మీద జారి పడ్డందుకు నన్నే తిట్టాడు మళ్లీ. ఎన్నేళ్లు తిప్పుతావక్కా ఆ బండి, దొరికిన సామాన్ల కౌంటర్లో కుర్చీ ఖాళీగా ఉందిగా, హాయిగా ఫ్యాను కింద కూర్చో అన్నాడు. మరదలు వెనక నుంచి అవునవును అంటోంది. ఆ కౌంటర్ నాకు తెలుసు. కిటికీ లేని గది. మర్చిపోయిన గొడుగులు, ఒంటి చెప్పులు, వాటి మధ్య ఒక మనిషి. ఎవరూ వెతుక్కుంటూ రాని సామానుతో పాటు నేనూ.

ఆలోచిస్తాలే అన్నాను. వాడితో ఎప్పుడూ అదే అంటాను.

మార్చి 19

ఇవాళ మైకు తెరిచారు. పొద్దున్నుంచి కంగారు. జుట్టు కూడా దువ్వుకున్నాను, కెమెరాలో ముఖం కనపడదని తెలిసి కూడా. పడవ వచ్చింది. నమస్కారమండీ, నేను బ్రేకుని అన్నాను. జవాబు లేదు. వినపడుతోందా అన్నాను. అటు నుంచి ఊపిరి వినపడుతోంది. ఎక్కడో కుక్కర్ కూత వినపడుతోంది. మనిషి మాత్రం పలకడు. మీది టైలరింగా అని అడిగాను. లేదు, ఏమీ లేదు.

అంత పొగరేమిటి? నేను బస్సు డ్రైవర్నని ఎవరైనా చెప్పారా ఏంటి? నా భాగం నేను లాగేసి టీవీ కట్టేశాను. చెయ్యి ఊపలేదు.

మార్చి 20

నా నోరు పడిపోను.

ఇవాళ మైకులో ఒక ఆడగొంతు వచ్చింది. కత్తెర భార్య. నన్ను చెల్లెమ్మా అని పిలిచింది. నిన్న తను బజారుకెళ్లిందట, లేకపోతే చెప్పేదాన్నంది. ఆయనకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైందట. కుడి చెయ్యి సగం పోయింది. మాట మొత్తం పోయింది. మనం అన్నది అంతా అర్థమవుతుంది, లోపల మాట తయారవుతుంది, గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది అంది. నిన్న నువ్వు అడిగినవాటికి జవాబు చెప్పాలని మధ్యాహ్నం దాకా పెదాలు కదుపుతూనే ఉన్నారు చెల్లెమ్మా అంది.

టైలర్ కాదు, బార్బర్. సొంత షాపు. ఆ షాపులో ఆయన నోరు మూతపడేది కాదట. మూడు వీధుల అవతల నుంచి కూడా జనం వచ్చేవారట, జుట్టు వంక పెట్టుకుని ఆయన కబుర్లు వినడానికి. ఇది చెబుతూ ఆవిడ నవ్వింది. వెనక ఆయన కూడా నవ్వినట్టు ఏదో శబ్దం.

అంకెలు మాత్రం వస్తాయట. ఒకటి నుంచి పది దాకా, వరసగా, గడగడా. అంకెలు బుర్రలో వేరే అరలో ఉంటాయని, ఆ అరకి దెబ్బ తగల్లేదని డాక్టర్ చెప్పాడట. చెప్పండి అని ఆవిడ పక్క నుంచి అంది. తర్వాత ఒక బొంగురు గొంతు, ఒకటి అంది.

నేను తెడ్డు వేశాను.

రెండు అన్నాడాయన. ఆయన తెడ్డు, నా తెడ్డు కలిసి పడ్డాయి. మూడు. నాలుగు. పది దాకా వెళ్లి మళ్లీ ఒకటికి వచ్చాం. పడవ తుంగ దాటింది, వంతెన దాటింది, ఎప్పుడూ చూడని ఒక ఎర్రమట్టి గట్టు వచ్చింది.

మార్చి 21

ఒకటి. రెండు. మూడు. రోజంతా చెవిలో అదే.

మార్చి 26

నేను మాట్లాడుతున్నాను. ఇంత మాట్లాడతానని నాకే తెలియదు. పడవలో కూర్చోగానే మొదలు. కూరగాయలవాడు ఏమన్నాడు, పై ఇంటివాళ్ల కుళాయి ఎలా కారుతోంది, అన్నీ. ఆయన అంకెలతో జవాబిస్తాడు. అంకె ఒకటే గానీ పలికే తీరు వేరు. నాలుగు అంటే అలాగా అన్నట్టు. ఆరు అంటే అబ్బో అన్నట్టు. మరదలి సంగతి చెబితే ఏడూ అని సాగదీశాడు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఎంత వ్యంగ్యం ఆ ఏడులో.

బస్సులో నా తల మీద ఒక బోర్డు ఉంటుంది, డ్రైవరుతో మాట్లాడరాదు అని. ఇరవై ఏళ్లుగా ఆ బోర్డు కిందే కూర్చున్నాను. జనం ఎక్కుతారు, దిగుతారు, ఒకళ్లతో ఒకళ్లు పోట్లాడుకుంటారు, పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటారు, అన్నీ నా వీపు వింటుంది. నాతో ఎవరూ మాట్లాడరు. మొదట్లో గొప్పగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఇంటికొచ్చాక కూడా ఆ బోర్డు తీసెయ్యడం మర్చిపోయానేమో.

ఇది ఆయనకి చెప్పాను. పడవ ఊరికే తేలుతోంది. తర్వాత ఒకటి అన్నాడు, చాలా మెల్లగా. మళ్లీ మొదలుపెడదాం అన్నట్టు.

ఏప్రిల్ 2

అక్క ఫోన్ నంబర్ ఇచ్చింది. కత్తెర గారి భార్యని అక్కా అని పిలుస్తున్నాను ఇప్పుడు. కరెంటు పోయి గేమ్ ఆగితే చెప్పుకోవడానికట. నంబర్ సేవ్ చేసుకున్నాక చూస్తే నా ఫోన్లో డిపో కానివి, డాక్టర్ కానివి మూడే నంబర్లు ఉన్నాయి. ఒకటి తమ్ముడిది. ఒకటి గ్యాస్‌వాడిది.

ఏప్రిల్ 8

ఇది రాయాలా వద్దా? ఇది చదివేవాళ్లు ఎవరున్నారు గనక.

ఇవాళ పొద్దున్న పై అల్మరాలో దుప్పటి తీశాను. ఎడమ చేత్తో. తీశాక గానీ తెలియలేదు. చెయ్యి నెత్తి దాకా వెళ్లి వచ్చింది. నొప్పి ఉంది గానీ వెళ్లింది.

సాయంత్రం పడవలో ఛాతీ దాకానే లేపాను. ఆయన అంతవరకే లేపగలడు. నేను పైకి లేపితే పడవ తిరిగిపోతుంది. తిరిగిపోతే ఆయనకి తన చెయ్యి సంగతి గుర్తొస్తుంది.

ఏప్రిల్ 16

ఆస్పత్రికి పిలిచారు. ఫిజియో అమ్మాయి కంప్యూటర్ తిప్పి చూపించింది. నా చెయ్యి రోజూ ఎంత ఎత్తు లేచిందో చూపే గీత మార్చి చివరి దాకా ఎక్కింది, తర్వాత బల్లలా చదును. మంచం మీద పడుకోబెట్టి చెయ్యి లేపి చూసింది. లేచింది. ఇంకా పైకి అంది. లేచింది. ఆ అమ్మాయి కంప్యూటర్ని చూసింది, నన్ను చూసింది. ఇక్కడ లేచే చెయ్యి ఇంట్లో ఎందుకు లేవట్లేదండీ అని అడిగింది. ఏమో, టీవీ ముందు సిగ్గేస్తుందేమో అన్నాను. నవ్వలేదు. మీరు ఆయన కోసం ఆగుతున్నారా అంది. లేదన్నాను. చిన్న పిల్ల, కూతురి వయసు ఉంటుంది, నాకు కూతురంటూ ఉంటే. నా అబద్ధం ఆమెకి అద్దంలా కనపడింది.

తిట్టలేదు. తిడితే బాగుండేది. కండరానికి ఇదే టైము అంది, ఈ నెల దాటితే ఉన్నచోటే బిగుసుకుపోతుంది, తర్వాత ఏం చేసినా రాదు అంది. మీ దయ ఆయనకీ మంచిది కాదండీ, తన చెయ్యి ఎంత లేస్తుందో ఆయనకి తెలియాలి కదా అంది.

బయటికొస్తుంటే డిపో మేనేజర్ ఫోన్. మే నెలాఖర్లోపు ఫిట్‌నెస్ పరీక్ష. చెయ్యి భుజం పైకి లేవాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి. కాకపోతే దొరికిన సామాన్ల కౌంటర్. ఇప్పటికే మీ కోసం చాలా ఆగామమ్మా అన్నాడు. నిజమే, ఆగారు.

ఏప్రిల్ 17

తోడు మార్చేశారు. చెప్పకుండానే. పడవ తెరిస్తే కుడి తెడ్డు దగ్గర ఇంకో టోపీ. పేరు తుపాను. ఎవరో ఆటగాడట, మోచేతికి ఆపరేషన్ అయిందట. హాయ్ ఆంటీ, రెడీయా అన్నాడు. ఇంకంతే. నది చివర ఒక సరస్సు ఉందని ఇవాళే తెలిసింది. ఇన్నాళ్లూ మేం చూడనే లేదు.

భుజం పచ్చిపుండులా ఉంది. గీత మాత్రం ఎక్కి ఉంటుంది.

ఏప్రిల్ 18

అక్కకి ఫోన్ చేద్దామని నంబర్ దాకా వెళ్లాను. ఏమని చెప్పను? మీ ఆయన నన్ను వెనక్కి లాగుతున్నాడన్నారు అనా?

ఏప్రిల్ 22

తుపాను మంచివాడే. సూపర్ ఆంటీ అంటాడు. మాట్లాడతాడు కూడా, అయితే ఎప్పుడూ స్కోరు గురించే. ఇవాళ నేను పై ఇంటివాళ్ల కుళాయి సంగతి మొదలుపెట్టాను. ఆంటీ, లెఫ్ట్ లెఫ్ట్ అన్నాడు. ఆపేశాను.

మనిషికి మాటలన్నీ ఉన్నాయి. ఏం లాభం?

ఏప్రిల్ 28

అక్కే చేసింది. గొంతు నీరసంగా ఉంది. ఆయనకి ఎవరినో కొత్త తోడు ఇచ్చారట. ఆ మనిషి రెండు రోజులు చూసి, పడవ తిరుగుతోంది, నాకు ఇంకొకరిని ఇవ్వండి అని వెళ్లిపోయాడట. తర్వాత ఇంకొకరు. ఆ మనిషీ వెళ్లిపోయాడట. నాలుగు రోజులుగా ఆయన టీవీ ముందుకే రావడం లేదు. కెమెరాని గోడకి తిప్పేశారు చెల్లెమ్మా అంది. అంకెలు కూడా మానేశారు. నువ్వు కూడా విసుగొచ్చి వెళ్లిపోయావనుకుంటున్నారు, నేనేం చెప్పినా తల అడ్డంగా ఊపుతున్నారు, ఒక్కసారి నువ్వే చెప్పు అని ఫోన్ స్పీకర్లో పెట్టింది.

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. విసుగు రాలేదండీ అన్నాను. నా చెయ్యి బాగుపడిపోయింది, మీతో పాటు ఉండాలని నేనే కిందకి పెట్టుకుని లాగాను, అది వాళ్లు పట్టేశారు, అందుకే విడదీశారు అన్నాను. మీ తప్పేం లేదు అని కూడా అన్నాను. అప్పటికి నేనేదో మంచి మాట చెబుతున్నాననే నా నమ్మకం.

అటు నుంచి ఊపిరి వినపడుతోంది. ఊపిరి పెద్దదవుతోంది. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఒక గొంతు, గుండ్రంగా, గంట కొట్టినట్టు:

"నీ మొహం మండ!"

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. అటు ఏదో కింద పడింది. అక్క కేక వేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు. చెల్లెమ్మా విన్నావా, విన్నావా, అంకె కాదు, మాట, మాట అంటోంది. మళ్లీ అనండి, ఒక్కసారి మళ్లీ అనండి అని ఆయన్ని బతిమాలుతోంది. ఆయన మళ్లీ అన్నాడు. నన్నే. మూడోసారి ఇంకా స్పష్టంగా అన్నాడు. పక్కింటివాళ్లు కూడా వచ్చినట్టున్నారు, ఏమైంది ఏమైంది అంటున్నారు. వాళ్ల కోసం ఇంకోసారి అన్నాడు.

ఫోన్ అలాగే వదిలేశారు, కట్టెయ్యడం మర్చిపోయి. ఆ ఇంటి సంబరమంతా విన్నాను. తర్వాత నేనే కట్టేశాను.

ఏప్రిల్ 28, సాయంత్రం

పొద్దున నవ్వొచ్చింది. ఇప్పుడు ఏడుపొస్తోంది. తొమ్మిది నెలల తర్వాత ఒక మనిషికి మాట వచ్చింది. అది నన్ను తిట్టడానికి వచ్చింది. తిట్టు నాకు తగ్గట్టే ఉంది. ఆయన చేతికి ఎంత బలం ఉందో నేనే తేల్చేశాను. ఆయన్ని అడగలేదు. మా తమ్ముడు నాకు కుర్చీ చూసినట్టే, నేను ఆయనకి పడవ చూసి పెట్టాను.

ఏప్రిల్ 29

డాక్టర్ చెప్పాడట, తిట్లు కూడా అంకెల అరలోనే ఉంటాయని. కోపం వస్తే ఆ అర తలుపు ఊడి వస్తుందట. అక్క ఫోన్లో ఇది చెబుతుంటే వెనక నుంచి ఆయన ఏదో అన్నాడు. ఏంటి అన్నాను. నిన్ను కాదులే, డాక్టర్ని అంది అక్క.

తర్వాత మెల్లగా చెప్పింది. ఆయన కెమెరాని మళ్లీ టీవీ వైపు తిప్పారట. ఆయన వేలితో టీవీని చూపించి, తన గుండె మీద కొట్టుకుని, రెండు వేళ్లు విడిగా పెట్టి చూపిస్తున్నారట. రెండు వేళ్లు, మధ్యలో ఎడం. అక్కకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఫిజియో అమ్మాయికి ఫోన్ చేశాను. రెండు పడవలు పెట్టొచ్చా అని అడిగాను. ఒకే నది, ఎవరి పడవ వాళ్లది. కొంచెం ఆలోచించి, పందెం అని ఒకటుంది, అందులో ఒక్క తెడ్డుతోనే పడవ తిన్నగా పోతుంది, ఎవరి బలం వాళ్లది అంది. ఒక షరతు పెట్టింది. ఆగకూడదు. ఆగితే నాకు గీతలో తెలుస్తుందండీ అంది.

మే 2

పక్కపక్కన రెండు పడవలు. ఎర్ర టోపీ నాది, పచ్చ టోపీ ఆయనది. అక్క మైకులో, ఇక మీరు మీరు చూసుకోండి అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన ఒకటి అన్నాడు. నేను చెయ్యి పూర్తిగా లేపి లాగాను. నెత్తి పైదాకా.

రెండు అన్నప్పుడు నా పడవ ముందుంది. మూడు. నాలుగు. తిరిగి చూడకూడదనుకున్నాను. ఈ గేమ్‌లో ఒక సంగతి నాకు ముందు తెలియదు. పడవలు దూరమయ్యే కొద్దీ గొంతు తగ్గుతుంది. నిజం నది మీద లాగే పెట్టారు. అయిదు సన్నగా వినపడింది. వంతెన కిందకి వెళ్లేసరికి ఆరు వినపడిందో, అది నేననుకున్నదో తెలియదు. వంతెన దాటాక నీళ్ల చప్పుడే.

లాగాను. భుజం కాలుతోంది, లాగాను. ఇంతకుముందు ఎవరి గొంతూ లేకుండా ఏళ్ల తరబడి బతికాను. ఇవాళ మాత్రం ఆ చప్పుడు లేని నది ఎంత వెడల్పుగా ఉందో చెప్పలేను.

సరస్సు చేరాక గేమ్ అడిగింది, ముగించాలా అని. ముగించలేదు. పందెం అయిపోయింది కాబట్టి ఇది ఆగడం కాదు. సోఫాలో కూర్చుని చూస్తున్నాను. గది చీకటి పడుతోంది, లైటు వెయ్యలేదు. చాలాసేపటికి ఎక్కడో తొమ్మిది అని వినపడింది. పది. మళ్లీ ఒకటి. ఆయన తెడ్డు పడుతున్న చోటు చూశాను. ఛాతీ కన్నా కొంచెం పైనుంచి పడుతోంది. కొంచెమే. నాతో ఉన్నప్పుడు ఎప్పుడూ అంత పైకి రాలేదు.

ఒడ్డుకి తగిలాక ఆయన చెయ్యి ఊపలేదు, బొటనవేలు చూపించలేదు. నన్ను తిట్టాడు. నేనూ తిట్టాను.

మే 6

రోజూ ఇదే. వదిలి వెళ్లడం, వినపడకపోవడం, కూర్చుని చూడడం.

మే 13

తమ్ముడు వచ్చాడు, మామూలుగా రాడు. మేనేజర్‌తో మాట్లాడాడట, కౌంటర్ కుర్చీకి నా పేరే అనుకున్నారట. స్వీట్లు కూడా తెచ్చాడు. నేను లేచి ఎడమ చేత్తో అటక మీద నుంచి సూట్‌కేస్ దింపి వాడి ముందు పెట్టాను. వాడు సూట్‌కేస్ చూసి, ఎక్కడికి వెళ్తున్నావక్కా అన్నాడు. ఎక్కడికీ లేదురా, ఊరికే దింపాను అన్నాను. అర్థం కావడానికి టైము పట్టింది. అర్థమయ్యాక, వాడు చిన్నప్పుడు ఓడిపోతే ఎలా ఉండేవాడో అలా కూర్చున్నాడు. ఇంత ఒంటరిగా ఎలా ఉంటావోనని భయం అక్కా అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లలో మొదటిసారి అన్నాడు. స్వీట్లు ఇద్దరం తిన్నాం.

మే 21

పరీక్ష పాసయ్యాను. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పించారు. డిపో డాక్టర్ ఇంకోసారి, ఇంకోసారి అన్నాడు. కిందకి దిగాక ముందుగా అక్కకి ఫోన్ చేశాను. ఆవిడ సంతోషించింది. ఫోన్ ఆయనకిచ్చింది. చాలాసేపు ఊపిరి. అంకె రాలేదు, తిట్టూ రాలేదు. ఏదో మాట గుమ్మం దాకా వచ్చింది. నేను తొందరపెట్టలేదు. రాలేదు. పర్లేదండీ అన్నాను.

మే 24

పెట్టె తీసుకెళ్లారు. ఆస్పత్రిది కదా, ఇంకొకరికి కావాలి. నిన్న చివరి పందెం. ఆయన వంతెన దగ్గరికి వచ్చేసరికి నేనింకా సరస్సు చేరలేదు. అంటే ఆయన వేగం పెరిగింది. తిరిగి చూద్దామనిపించింది. చూడలేదు. వెనక నుంచి మూడు అని వినపడింది, బాగా వినపడింది.

గోడ మీద వైర్ల మేకులకి చిన్న చిన్న కన్నాలు మిగిలాయి. సుద్ద పెట్టి పూడ్చాలి.

జూన్ 3

డ్యూటీ. అద్దంలో యాభై ముఖాలు. ఎవరూ నన్ను చూడరు. ఒక పెద్దాయన దిగేటప్పుడు, చాలా రోజులకి కనపడ్డావమ్మా, ఒంట్లో బాలేదా అన్నాడు. జవాబు చెప్పేలోపు తలుపు మూసుకుంది. నేనే మూశాను, అలవాటు కొద్దీ. తర్వాతి స్టాపు దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

జూన్ 11

ఫోన్ చేస్తే ఏం మాట్లాడుకోవాలో తెలియడం లేదు. పడవ ఉంటే చేతులకి పని ఉండేది, మాటలు వాటంతటవే వచ్చేవి. ఇప్పుడు ఎలా ఉన్నారు, బాగున్నాం, అంతే. అక్క కూడా ముందులా సాగదియ్యడం లేదు. వెనక ఆయన కొత్త తోడుతో లెక్కపెడుతున్నాడు. ఆ అంకెలకి నేను తెడ్డు వెయ్యడం లేదు. వింటున్నాను.

జూన్ 19

అక్క ఫోటో పంపింది. వాళ్ల షాపు. ఎనిమిది, కాదు, పదకొండు నెలల తర్వాత తాళం తీశారట. కుర్చీలో అక్క, మెడ చుట్టూ తెల్ల గుడ్డ. జుట్టు ఒకవైపు చెవి దాకా, ఇంకోవైపు భుజం దాకా. మధ్యలో ఒకచోట మేక మేసినట్టుంది. అద్దంలో ఆయన. ముఖం ఇవాళే చూశాను. సన్నగా, పెద్ద ముక్కు. కుడి చేతిలో కత్తెర, ఆ చేతిని ఎడమ చెయ్యి పట్టుకుని ఉంది. ఇద్దరూ కెమెరా వైపు కాకుండా జుట్టు వైపే చూస్తున్నారు.

ఇంకెవరూ తల ఇవ్వడం లేదు చెల్లెమ్మా, అందరికీ భయం అని కింద రాసింది.

జూన్ 20

రెండు రోజులు సెలవడిగాను. మేనేజర్ కారణం అడిగాడు. జుట్టు కత్తిరించుకోవాలన్నాను. మన ఊళ్లో బార్బర్లే లేరా అన్నాడు.

రైలు పొద్దున్న ఆరింటికి.